లైట్‌సేబర్ వైరింగ్: సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ పట్టనివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బెంగళూరు కుందలహళ్లిలో పీజీలో ఉంటున్నావు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సోల్డర్ అనే లోహపు తీగను కరిగించి వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ ఇంతవరకు పట్టలేదు. మీ అక్క కొడుకు తొమ్మిదో పుట్టినరోజుకి నీ చేత్తో చేసిన నీలం రంగు లైట్‌సేబర్, అంటే స్టార్ వార్స్ సినిమాల్లో వెలిగే కత్తి, ఇవ్వాలని ఆశ. అల్యూమినియం పిడి, శబ్దాలు చేసే సౌండ్ బోర్డు, వరసగా చిన్న ఎల్‌ఈడీలుండే పిక్సెల్ స్ట్రిప్పులు, ఒక 18650 సైజు లిథియం సెల్ అన్నీ తెప్పించేశావు. ఒకసారి ప్రయత్నిస్తే సోల్డర్ వైరుకు అంటుకోకుండా ఉండ కట్టి ఐరన్‌కే పట్టుకుని వచ్చేసింది. ఇక బోర్డు ముట్టుకుంటే కాలిపోతుందేమోనని టెన్షన్. ఇది నా వల్ల అవుతుందా, అయితే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు.

అవుతుంది. నేను ఇక్కడే పీణ్యలో ఎలక్ట్రానిక్ బోర్డుల రిపేరు బెంచి మీద పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. ఇంట్లో మా అబ్బాయికీ, వాడి స్నేహితులకూ కలిపి ఇలాంటివి ఏడు చేసిచ్చాను. నీ చేతిలో లోపమేమీ లేదు. సోల్డర్ ఉండ కట్టడానికి కారణం ఉంది, కాసేపట్లో చెప్తాను. అంతకన్నా ముందు, సౌండ్ బోర్డునూ స్ట్రిప్పులనూ లిథియం సెల్‌నూ వచ్చిన డబ్బాల్లోనే బీరువాలో పెట్టెయ్. పుట్టినరోజుకి ఇచ్చే సేబర్‌ని ఒక్క ఎల్‌ఈడీతో, శబ్దం లేకుండా, మామూలు పెన్సిల్ సెల్లులతో చెయ్యి.

నీకు ఇది నిరాశగా అనిపిస్తుందని తెలుసు. కానీ పిల్లవాడు దాన్ని గోడకి తగిలించి చూడడు, అందుకున్న రోజే ఇంకో పిల్లవాడితో కత్తియుద్ధం చేస్తాడు. పిక్సెల్ బ్లేడులో స్ట్రిప్పులు బ్లేడు పొడవునా ఉంటాయి. దెబ్బలు పడగా పడగా ఏదో ఒక చిప్ దగ్గర అతుకు ఊడుతుంది, అక్కడి నుంచి పై భాగం మొత్తం ఆరిపోతుంది. ఒక్క ఎల్‌ఈడీ సేబర్‌లో దీపం పిడిలోనే ఉంటుంది, బ్లేడు ఖాళీ గొట్టం. ఎంత కొట్టుకున్నా పోయేది గొట్టమే, దాన్ని మార్చుకోవచ్చు. పైగా తొమ్మిదేళ్ల వాడి చేతిలో లిథియం సెల్ పెట్టేంత నమ్మకం నీ అతుకుల మీద నీకు ఇంకా రాలేదు, రావాల్సిన సమయమూ కాలేదు.

ఇక ఆ ఉండ సంగతి. మన ఊళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు ఉండేవాళ్లు. నువ్వు చూడకపోతే మీ అమ్మమ్మను అడుగు. గిన్నెను కొలిమి మీద బాగా వేడి చేసి, నవాసాగరం పొడి చల్లి, ఆ వేడి గిన్నెకే తగరం ముక్కను తాకించేవాళ్లు. తగరం గిన్నె వేడికి కరిగి పరుచుకునేది, గుడ్డతో తిప్పి రాసేవాళ్లు. తగరాన్ని వేరేగా కరిగించి చల్లటి గిన్నెలో పోస్తే అంటుకోదు. సోల్డరింగూ అదే పని. సోల్డర్ తీగ మధ్యలో సన్నగా రోజిన్ ఉంటుంది, పైన్ చెట్టు నుంచి వచ్చే జిగురు. నవాసాగరం చేసే పనిని ఇక్కడ అది చేస్తుంది, రాగి మీద పట్టిన చిలుమును కరిగించి శుభ్రం చేస్తుంది. ఒకటి రెండు సెకన్లలో పొగయిపోతుంది కూడా. నువ్వు సోల్డర్‌ని ఐరన్ మీద కరిగించి, ఆ బొట్టును వైరు దాకా మోసుకెళ్లావు. చేరేసరికి రోజిన్ అయిపోయింది, వైరు చల్లగా ఉంది. ఇక అది తామరాకు మీద నీటిబొట్టులా నిలబడక ఏం చేస్తుంది?

కాబట్టి ఐరన్‌తో వైరునూ, వైరు చేరాల్సిన భాగం లోహపు కాలునూ రెండింటినీ కలిపి తాకించు. రెండు సెకన్లు ఆగు. అప్పుడు సోల్డర్ తీగను ఐరన్‌కి కాదు, అవతలి వైపు నుంచి వైరుకి తాకించు. వైరు తగినంత వేడెక్కి ఉంటే సోల్డర్ దానంతటదే పోగుల మధ్యకి పీల్చుకుపోతుంది. ఆ పీల్చుకునే క్షణం కంటికి స్పష్టంగా కనిపిస్తుంది: మసకగా ఉన్నది ఒక్కసారి తళుక్కుమని పారుతుంది. వెంటనే ముందు తీగ తీసెయ్, తర్వాత ఐరన్ తీసెయ్. రెండు మూడు సెకన్లు చెయ్యి కదపకు, నోటితో ఊదకు. బాగా కుదిరిన అతుకు చుట్టూ అంచులు లోపలికి వంపు తిరిగి, పల్చగా రాగిలో కలిసిపోయినట్టు ఉంటాయి, కింద వైరు పోగుల ఆకారం కొద్దిగా తెలుస్తుంది. గుండ్రంగా ఉబ్బి, అంచు విడిగా కనిపిస్తుంటే అది డ్రై సోల్డర్. మా బెంచి మీదకి వచ్చే బోర్డుల్లో సగం కథ ఈ డ్రై సోల్డరే. మల్టీమీటరు పెడితే బీప్ ఇస్తుంది, కదిపితే పోతుంది. సేబర్ అంటేనే ఊపే వస్తువు కదా.

సామాను కోసం శనివారం పొద్దున్నే ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డుకి వెళ్లు. ఆదివారం చాలా షాపులు తెరవరు. కుందలహళ్లిలో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి, చిక్‌పేటలో దిగితే అక్కడి నుంచి నడకే. కన్నడ, హిందీ రెండూ నడుస్తాయి, తెలుగులో అడిగినా బదులు చెప్పేవాళ్లు దొరుకుతారు. ఐరన్ మాత్రం వేడి సర్దుకునే నాబ్ ఉన్న 60 వాట్ల రకం తీసుకో, 340 నుంచి 350 డిగ్రీల మధ్య పెట్టుకుంటే ఈ పనికి సరిపోతుంది. మామూలు 25 వాట్లదైనా సన్న వైర్లకు చాలుతుంది కానీ ఎల్‌ఈడీ ప్లేటు దగ్గర ఇబ్బంది పెడుతుంది. బిట్, అంటే ఐరన్ కొన, సూదిమొనది వద్దు, ఉలి మొనలా చదునుగా ఉన్నది అడుగు. సూదిమొన చూడటానికి నాజూగ్గా ఉంటుంది కానీ వేడి దిగదు, కొత్తవాళ్లంతా అక్కడే ఇరుక్కుంటారు. పాత మెకానిక్కులు బిట్‌ని ఆకురాయితో రాయడం చూసి నువ్వూ రాయకు. అది ఉత్త రాగి బిట్లకు చెల్లుతుంది. ఇప్పటి బిట్లకు పైన ఇనుము పూత ఉంటుంది, అది పోతే బిట్ పోయినట్టే. తడి స్పాంజితో తుడిచి, కొత్త సోల్డర్ కొంచెం పూసి ఉంచితే నెలల తరబడి వస్తుంది.

సోల్డర్ 63/37 దొరికితే అదే తీసుకో, 0.8 మిల్లీమీటర్ల మందం, రోజిన్ కోర్. అంటే 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం. 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గట్టిపడేటప్పుడు మధ్యలో ముద్దలా ఉండే దశ లేకుండా ఒకేసారి గడ్డకడుతుంది, చెయ్యి వణికేవాళ్లకు అది పెద్ద మేలు. 60/40 అయినా ఫర్వాలేదు. సీసం లేని మామూలు రకాలు 217 డిగ్రీలు దాటాకే కరుగుతాయి, నేర్చుకునేటప్పుడు విసుగు తెప్పిస్తాయి. రోజిన్‌లా చిలుము తీసే పదార్థాన్ని ఫ్లక్స్ అంటారు; పైపుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ మాత్రం ఎవరిచ్చినా తీసుకోకు, వైర్లను మెల్లగా తినేస్తుంది.

సీసం అనగానే పొగ గురించి భయపడతారు. ఐరన్ వేడికి సీసం ఆవిరి కాదు, కనిపించే పొగ రోజిన్‌ది. అదీ మంచిది కాదు, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీనూ. కిటికీ దగ్గర కూర్చుని, చిన్న ఫ్యాన్ పొగను బయటికి లాగేలా పెట్టుకో, ముఖం అతుకు మీదకి వంచకు. సీసం లోపలికి పోయేది చేతుల ద్వారా. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగందే మంచినీళ్ల సీసా కూడా ముట్టుకోకు. నీది పీజీ గది కాబట్టి ఇంకొక మాట, మంచం మీద కూర్చుని చెయ్యకు. ఐరన్‌కి బరువైన ఇనప స్టాండ్, కింద ఒక పింగాణీ టైల్ ముక్క, కళ్లకు అద్దాలు ఉండాలి. లేచి వెళ్తే ప్లగ్ తీసి వెళ్లు, ఒక్క నిమిషానికైనా సరే.

అదే షాపులో ఒక జీరో పీసీబీ (చిల్లులున్న ఖాళీ సర్క్యూట్ బోర్డు), పది రూపాయల రెసిస్టర్లు, కొంత హుకప్ వైరు తెచ్చుకో. మొదటి వారం సేబర్ ఊసెత్తకు. రోజూ అరగంట కూర్చుని వైరు చివర 5 మిల్లీమీటర్లు ఒలిచి, పోగులు మెలేసి, సోల్డర్ పూయడం, జీరో పీసీబీలో కాళ్లు అతకడం, వైరుకి వైరు కలపడం చెయ్యి. యాభై అతుకులు పెట్టు. మొదటి ఇరవై చూస్తే నీకే నచ్చవు, ముప్ఫై దాటాక చెయ్యి దానంతటదే ఎప్పుడు ఆగాలో తెలుసుకుంటుంది. వైరుకి వైరు కలిపే ప్రతిసారీ హీట్ ష్రింక్ స్లీవ్, అంటే వేడికి ముడుచుకుని అతుకును కప్పే గొట్టం, ముందే ఎక్కించే అలవాటు చేసుకో. అతికాక స్లీవ్ గుర్తొస్తే అంతా విప్పాలి. బెంచి మీద ఇన్నేళ్లు చేశాక కూడా నేను స్లీవ్ వేలితో తాకి చూశాకే ఐరన్ ఎత్తుతాను.

ఇప్పుడు సర్క్యూట్. నువ్వు పంపిన వైరింగ్ బొమ్మలో ఇరవై గీతలున్నాయి, దీంట్లో ఒక్క చుట్టే. సెల్లుల ప్లస్ నుంచి స్విచ్, స్విచ్ నుంచి రెసిస్టర్, రెసిస్టర్ నుంచి ఎల్‌ఈడీ ప్లస్, ఎల్‌ఈడీ మైనస్ నుంచి సెల్లుల మైనస్. సెల్లులకు చిన్న టార్చిలైట్లలో వచ్చే గుండ్రటి హోల్డర్ ఉంటుంది, మూడు సన్న పెన్సిల్ సెల్లులు, అంటే ట్రిపుల్ ఏ, పట్టేది. పిడిలో చక్కగా కూర్చుంటుంది. స్విచ్ అడిగేటప్పుడు జాగ్రత్త: నొక్కితే ఆన్‌లోనే ఉండిపోయే లాక్ టైపు కావాలి. సౌండ్ బోర్డుతో వచ్చిన స్విచ్ వేలు తీస్తే ఆగిపోయే రకం, అది బోర్డుకి సైగ ఇవ్వడానికే పనికొస్తుంది.

రెసిస్టర్ లెక్క నువ్వే వేసుకోగలవు. కొత్త ఆల్కలైన్ సెల్లు ఒకటి 1.5 వోల్టులు, మూడు కలిపి 4.5. నీలం ఎల్‌ఈడీ తన దగ్గర సుమారు 3.2 వోల్టులు ఉంచుకుంటుంది. మిగిలిన 1.3 వోల్టులు రెసిస్టర్ మోయాలి. ఒక వాట్ ఎల్‌ఈడీకి 350 మిల్లీయాంపియర్లు హద్దు. 1.3ని 0.35తో భాగిస్తే 3.7 వస్తుంది, షాపులో దొరికే దగ్గరి విలువ 3.9 ఓమ్‌లు. అందులో దాదాపు 0.43 వాట్ వేడి పుడుతుంది కాబట్టి కాలు వాట్, అర వాట్‌వి కాకుండా ఒక వాట్ రెసిస్టర్ తీసుకో. ఎరుపు అయితే లెక్క మారుతుంది: ఎరుపు ఎల్‌ఈడీ దగ్గర 2.2 వోల్టులే ఆగుతాయి, 6.8 ఓమ్‌లు, రెండు వాట్‌లు పెట్టాలి. సెల్లులు నీరసించేకొద్దీ నీలం త్వరగా మసకబారుతుంది, ఎరుపు ఎక్కువసేపు నిలబడుతుంది. మేనల్లుడు నీలమే కావాలంటే నీలమే పెట్టు, విడిగా ఇంకో మూడు సెల్లులు ఇవ్వు.

ఎల్‌ఈడీ చిన్న అల్యూమినియం నక్షత్రం ప్లేటు మీద వస్తుంది. ఎక్కువమంది ఆ ప్లేటును ముందు హీట్‌సింక్‌కి, అంటే వేడిని లాగేసే లోహపు దిమ్మకి, బిగించి, తర్వాత వైరు అతకబోతారు. హీట్‌సింక్ ఐరన్ వేడినంతా లాగేసుకుంటుంది, అతుకు ఎప్పటికీ పారదు, ఈలోపు ఎల్‌ఈడీ మాడుతుంది. ముందు ప్లేటును చెక్క ముక్క మీద పెట్టి, దాని మీద వైరు అతికే ప్యాడ్‌కి సోల్డర్ పూయి, వైరుకి పూయి, రెండూ కలిపి ఒక్కసారి తాకించు. చల్లారాక అడుగున థర్మల్ పేస్ట్ పల్చగా రాసి హీట్‌సింక్‌కి బిగించు. పైన కాంతిని పది డిగ్రీల కోణంలోకి కుదించే లెన్స్ పెట్టకపోతే కాంతి గొట్టం అడుగునే చెదిరిపోతుంది, కొన దాకా ఎక్కదు.

అంతా బల్ల మీద క్రోకడైల్ క్లిప్పులతో కలిపి ముందు వెలిగించు. వెలిగాక మీటరును వోల్టుల్లో పెట్టి రెసిస్టర్ రెండు కాళ్ల మీద తాకించు. 1.3 దగ్గర కనిపిస్తే కరెంటు 330 మిల్లీయాంపియర్ల చుట్టూ ఉన్నట్టు. సర్క్యూట్ తెంచకుండా కరెంటు తెలుసుకునే పద్ధతి ఇది, దీన్ని నేర్చుకుంటే జీవితాంతం పనికొస్తుంది. తర్వాతే అతుకులు.

పిడిలోకి ఎక్కించే ఘట్టం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా రెండో సేబర్ అక్కడే దెబ్బతింది. అందులో నేను 18650 సెల్ పెట్టాను, అతుకులన్నీ మంచివే. అడుగున మూత మర తిప్పి బిగించాను. మూతతోపాటు లోపల సెల్ హోల్డర్ కూడా తిరిగింది, నాకు కనపడలేదు. వైర్లు మెలిపడి, ప్లస్ వైరు పిడి లోపలి మరల అంచుకి ఒరుసుకుని పైతొడుగు కోసుకుపోయింది. అల్యూమినియం పిడి అంతా ఒక కరెంటు తీగే కదా. సేబర్ మా అబ్బాయి చేతిలో ఉండగానే పిడి వేడెక్కింది. వాడు 'నాన్నా, కాలుతోంది' అని కింద పెట్టేశాడు. నేను తుండుగుడ్డతో పట్టుకుని మూత విప్పి సెల్ బయటికి లాగేసరికి స్లీవ్ మాడిన వాసన గదంతా నిండింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రోజు నుంచి నేను చేసే ప్రతి సేబర్‌లో హోల్డర్ తిరగకుండా ఒక స్క్రూతో ఆపుతాను, మర ఉన్న భాగానికి లోపల కాప్టన్ టేప్ (వేడికి తట్టుకునే, కరెంటు పారనివ్వని టేపు) రెండు చుట్లు వేస్తాను, ప్లస్ వైరు మొదట్లోనే చిన్న ఫ్యూజ్ పెడతాను. నువ్వూ ఈ మూడూ చెయ్యి, పెన్సిల్ సెల్లులే అయినా సరే.

అతుకు కరెంటుకి దారి ఇస్తుంది, బరువు మాత్రం మోయలేదు. సోల్డర్ పీల్చుకున్న చోట వైరు బిరుసుగా అవుతుంది, ఆ బిరుసు ఆగే అంచు దగ్గరే పదే పదే వంగి తెగుతుంది. స్విచ్ కాలు నుంచి వచ్చే వైరును పక్కనే దారంతోనో, సన్న కేబుల్ టైతోనో చట్రానికి కట్టు. లాగితే కట్టు మీద పడాలి, అతుకు మీద పడకూడదు. చట్రానికి పీవీసీ పైపును నిలువుగా చీల్చిన సగం ముక్క చాలు. సెల్లులు పెట్టే ముందు మీటరును బీప్ మోడ్‌లో పెట్టి, ప్లస్ వైరుకీ పిడి లోహానికీ మధ్య తాకించు, తర్వాత మైనస్‌కీ పిడికీ. రెండుసార్లూ మీటరు నిశ్శబ్దంగా ఉండాలి. పిడిని ఊపుతూ, మూత బిగిస్తూ విప్పుతూ కూడా చూడు.

బ్లేడుకి పాలీకార్బొనేట్ గొట్టమే కావాలి, బయటి వ్యాసం ఒక అంగుళం. యాక్రిలిక్ అచ్చం అలాగే కనిపిస్తుంది కానీ దెబ్బకి పగిలి పెంకులవుతుంది, పిల్లల దగ్గర అస్సలు వద్దు. లోపల గిఫ్ట్ ప్యాకింగ్‌కి వాడే పారదర్శకమైన పల్చటి కవర్‌ను చుట్టి దూరిస్తే కాంతి గొట్టమంతా సమంగా పరుచుకుంటుంది. కొన మూతకి లోపలి వైపు అద్దంలా మెరిసే కాగితం అంటించు.

సౌండ్ బోర్డు తర్వాతి సేబర్‌కి. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమాకి సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ లైట్‌సేబర్ ఆ గుంయ్‌మనే శబ్దాన్ని సినిమా ప్రొజెక్టర్ మోటారు మోతతో, దానికి టీవీ రొదను కలిపి తయారుచేశాడు. ఆ టీవీ రొద దొరికింది షీల్డ్ తెగిన మైకు వైరు టీవీ పిక్చర్ ట్యూబు పక్కగా వెళ్లినప్పుడు. ఆ సినిమా కథానాయకుడి సేబర్ పిడి కూడా గ్రాఫ్లెక్స్ అనే పాత కెమెరా ఫ్లాష్ హ్యాండిల్. ఉన్న వస్తువుల్లోంచే పుట్టిన ఆయుధం అది, అందుకే దీన్ని ఇంట్లో చేసుకోవడం నాకు అంత ఇష్టం.

పిక్సెల్ బ్లేడు దాకా వచ్చినప్పుడు కరెంటు మీద గౌరవం ఉంచుకో. మీటరు పొడవుకి 144 ఎల్‌ఈడీలుండే స్ట్రిప్‌లో ఒక్కోటి పూర్తి తెలుపులో 60 మిల్లీయాంపియర్ల దాకా తాగుతుంది. 80 సెంటీమీటర్ల బ్లేడులో వీపుకి వీపు రెండు స్ట్రిప్పులంటే 230 ఎల్‌ఈడీలు, అంటే దాదాపు 14 యాంపియర్లు. నీలం ఒక్కటే వెలిగినా నాలుగున్నర. సన్న వైర్లు ఆ భారానికి ఆగవు, 22 గేజ్ సిలికాన్ వైర్లు జంటగా వేయాలి, సన్న 28 గేజ్ ఎల్‌ఈడీలకు ఆదేశాలు మోసే డేటా వైరుకే. డేటా దారిలో 330 నుంచి 470 ఓమ్‌ల మధ్య ఒక రెసిస్టర్ పెట్టాలి. నువ్వు కొన్న సెల్ మీద ఏం రాసుందో ఒకసారి చూడు. 18650 సైజులో పేరున్న సెల్లులు సాధారణంగా 3600 మిల్లీయాంపియర్ అవర్ల లోపే ఉంటాయి. 9900 అని ముద్రించి ఉంటే దాన్ని ఈ పనికే కాదు, దేనికీ వాడకు. ఏ లిథియం సెల్‌కీ నేరుగా ఐరన్ తాకించకు, హోల్డర్ గానీ, ట్యాబ్ (వైరు అతకడానికి లోహపు పట్టీ) ముందే అతికి వచ్చిన సెల్ గానీ తీసుకో.

పుట్టినరోజు ఎప్పుడో రాయలేదు. నాలుగు వారాలుంటే తీరిగ్గా అవుతుంది, రెండు వారాలే ఉంటే రాత్రిపూట గంట చొప్పున కూర్చోవాలి. ముందు యాభై అతుకులు పూర్తి చేసి, పగటి వెలుతురులో దగ్గరి నుంచి ఫోటో తీసి పెట్టు. ఏది నిలబడుతుందో, ఏది విప్పి మళ్లీ చేయాలో ఒక్కొక్కటీ చూసి చెప్తాను.